అమెరికాలో తెలుగు పేరుపలకకు, దుకాణం ముఖద్వారానికి డిజైన్ రివ్యూ అభ్యంతరాలు: ఏది ఒప్పుకోవాలి, దేనికి పట్టుబట్టాలి?

తూర్పుగట్టు టిఫిన్లు (ప్రశ్న)

నమస్కారం. సియాటిల్‌కు తూర్పున ఉన్న ఒక చిన్న నగరంలో, వరుస దుకాణాల సముదాయంలో రెండు గదులు అద్దెకు తీసుకుని నేనూ మా తోడల్లుడూ కలిసి టిఫిన్ల హోటల్ పెడుతున్నాము. వంటగది, పొగగొట్టం, అగ్నిమాపక ఏర్పాట్ల అనుమతులు అనుకున్నదానికన్నా తేలికగానే వచ్చాయి. చిక్కంతా బయటి గోడ దగ్గర మొదలైంది.

మేము అడిగినవి రెండే. మొదటిది పేరుపలక: పసుపు నేల మీద కుంకుమరంగులో హోటల్ పేరు తెలుగు లిపిలో పెద్దగా, దాని కింద అదే పేరు ఇంగ్లిషులో చిన్నగా, లోపల దీపాలు వెలిగే పెట్టె రూపంలో. రెండవది ముఖద్వారం: కోనసీమలోని మా అమ్మమ్మగారి మండువా ఇంటి అరుగును తలపించేలా రెండు చెక్క స్తంభాలు, వాటి మీద నాలుగడుగులు ముందుకు వచ్చే పెంకుల చూరు.

నగర ప్రణాళికా విభాగం వారు దరఖాస్తును డిజైన్ రివ్యూ బోర్డుకు (కట్టడాల బయటి రూపాన్ని సమీక్షించే సంఘం) పంపుతూ మాకు రాసిన లేఖలో నాలుగు అభ్యంతరాలు ఉన్నాయి. పలకలో కనీసం సగభాగం ఇంగ్లిషు అక్షరాలు ఉండాలట. రంగులు పరిసరాలతో పొసగడం లేదట. లోపలి నుంచి వెలిగే పెట్టె పలకలకు ఈ ప్రాంతంలో అనుమతి లేదట. చూరు ఈ వీధి స్వభావానికి తగినది కాదట. బోర్డు సమావేశం మూడు వారాల్లో ఉంది. అద్దె ఇప్పటికే నడుస్తోంది కాబట్టి వాళ్లు చెప్పినట్టు మార్చేసి త్వరగా తలుపులు తెరవమని భవన యజమాని అంటున్నారు. మా తోడల్లుడు మాత్రం తెలుగు అక్షరాల విషయంలో ఒక్క అంగుళం కూడా తగ్గవద్దంటున్నాడు. ఇలాంటి అనుభవం ఉన్నవారు ఏది వదులుకోవాలో, దేనికి పట్టుబట్టాలో చెప్పగలరా?

గీతలు గీసేవాడు

ఇదే రాష్ట్రంలో పద్దెనిమిదేళ్లుగా ఆర్కిటెక్టుగా పనిచేస్తున్నాను. మీ నాలుగు అభ్యంతరాలూ ఒకే లేఖలో వచ్చినంత మాత్రాన ఒకే రకమైనవి అనుకోకండి. పెట్టె పలకల మీద నిషేధం చాలా నగరాల నియమావళిలో అక్షరాలా రాసి ఉంటుంది. అది ఉన్నదో లేదో మీరే చూసుకోవచ్చు, ఉంటే దానితో వాదన అనవసరం. "పొసగడం లేదు", "వీధి స్వభావానికి తగదు" అన్న మాటల సంగతి వేరు. వాటి గురించి మన పొరుగునే ఉన్న ఇసక్వాలో జరిగిన కథ మీరు తప్పక తెలుసుకోవాలి, ఎందుకంటే ఈ రాష్ట్రంలో ఏ ప్రణాళికాధికారికైనా ఆ తీర్పు తెలిసే ఉంటుంది.

గిల్మన్ బులవార్డ్ మీద ఒక స్థల యజమాని దాదాపు 6,800 చదరపు అడుగుల వ్యాపార భవనం కడతానని దరఖాస్తు పెట్టాడు. తెల్లటి గచ్చు గోడలు, నీలిరంగు లోహపు పైకప్పు, ముందువైపు పెద్ద కిటికీలు. ఆ నగర నియమావళి భవనాలు పొరుగు భవనాలతో సామరస్యంగా ఉండాలని, రంగులు పొందికగా ఉండాలని, రూపం ఆసక్తికరంగా ఉండాలని కోరిందే తప్ప, సామరస్యం అంటే ఏమిటో, ఆసక్తి ఎక్కడ మొదలవుతుందో చెప్పలేదు. దరఖాస్తులు పరిశీలించే నగర కమిషన్ సభ్యులు మొదటి సమావేశంలో రంగు బాగాలేదన్నారు, ఆయన రంగు మార్చాడు. గోడ బోసిగా ఉందన్నారు, అలంకారాలు చేర్చాడు. మరో సమావేశంలో ఒక సభ్యుడు తాను ఆ వీధిలో కారు మీద అటూ ఇటూ తిరిగి, కనబడిన భవనాల గురించి రాసుకున్న తన అభిప్రాయాలను చదివి వినిపించాడు. ఆ వీధిలో వెళ్తుంటే ఒక విధమైన అనుభూతి కలుగుతుందని, ఈ భవనం ఆ అనుభూతిని కలిగించడం లేదని ఇంకొకరు అన్నారు. ఇంతకీ ఆ వీధిలో ఉన్నవేమిటంటే పెట్రోలు బంకులు, పశువుల ఆసుపత్రి, విక్టోరియన్ కాలపు తీరులో ఉన్న ఒక ఇల్లు, ఇంకా ఒకదానితో ఒకటి ఏ పోలికా లేని రకరకాల కట్టడాలు. అప్పటికే ఆ ప్రాజెక్టు మీద సుమారు రెండున్నర లక్షల డాలర్లు ఖర్చయ్యాయని దరఖాస్తుదారు చెప్పుకున్నాడు. చివరికి కమిషన్ తిరస్కరించింది, నగర మండలి దాన్నే సమర్థించింది, కింది కోర్టు కూడా ఆయన దావాను కొట్టేసింది.

1993లో వాషింగ్టన్ రాష్ట్ర అప్పీలు కోర్టు ఆ నిర్ణయాన్ని తలకిందులు చేసింది. ఆండర్సన్ వర్సెస్ ఇసక్వాగా పేరుపడిన ఆ తీర్పు సారాంశం ఇది: నగరానికి అందం గురించి నియమాలు చేసే అధికారం ఉంది, అయితే ఆ నియమాన్ని చదివిన మామూలు తెలివి గల మనిషికి తాను ఏమి చేస్తే అనుమతి వస్తుందో తెలియాలి, ఒక్కొక్క దరఖాస్తు ముందుకు వచ్చినప్పుడు సభ్యుల మనసులో పుట్టే ప్రమాణం ప్రమాణం కాదు. అస్పష్టత కారణంగా ఆ సెక్షన్లు ఆయన భవనానికి వర్తించినంతవరకు చెల్లవని చెప్పి, అనుమతి ఇవ్వమని నగరాన్ని ఆదేశించింది.

దీనికి తోడు, 2023లో రాష్ట్ర శాసనసభ హౌస్ బిల్లు 1293ను ఆమోదించింది. వృద్ధి నిర్వహణ చట్టం కింద ప్రణాళికలు వేసుకునే నగరాలు కొత్త నిర్మాణాల బయటి రూపానికి స్పష్టమైన, వస్తునిష్ఠమైన ప్రమాణాలనే వర్తింపజేయాలని, డిజైన్ రివ్యూ కోసం ఒకటికి మించి బహిరంగ సమావేశాలు పెట్టరాదని అది చెబుతుంది. చారిత్రక కట్టడాలకు మినహాయింపు ఉంది. మీది పాత భవనానికి చేసే మార్పు కాబట్టి అది మీ చూరుకు ఎంతవరకు వర్తిస్తుందో మీ నగరం తన నియమావళిలో ఎలా రాసుకుందో చూసి తేల్చుకోవాలి. పేరుపలక విషయంలో మాత్రం ఆ చట్టాన్ని నమ్ముకోవద్దు.

కాబట్టి ఈ వారంలోనే ప్రణాళికాధికారికి మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. నాలుగు అభ్యంతరాల్లో ప్రతిదానికీ అది నియమావళిలోని ఏ సెక్షన్ మీద ఆధారపడిందో చెప్పమని అడగండి. కోర్టు పేరు, తీర్పు పేరు ఎత్తవద్దు. ఆ ప్రశ్న ఎందుకు అడుగుతున్నారో వాళ్లకు తెలుస్తుంది. దానికన్నా ముందు మీ అద్దె ఒప్పందం తీసి, సముదాయానికి నగరం ఎప్పుడో ఆమోదించిన ఉమ్మడి సైన్ ప్రణాళిక ఉన్నదేమో చూడండి. అక్షరాల ఎత్తు, రంగులు, దీపాల పద్ధతి చాలాసార్లు అందులోనే నిర్ణయమై ఉంటాయి. అప్పుడు మీకు అడ్డం నగరం కాదు, మీ భవన యజమాని సంతకం చేసిన కాగితమే.

దక్షిణ కాలిఫోర్నియా కిరాణా

సగం ఇంగ్లిషు ఉండాలన్న మాట చదవగానే నవ్వు వచ్చింది. మన ఊళ్లలో దుకాణాల చట్టం కింది నిబంధనలు పేరుపలక మీద తెలుగు ఉండి తీరాలని అంటాయి, దాన్ని పట్టించుకునే నాథుడు ఉండడు. ఇక్కడేమో తెలుగు పెట్టుకుంటామని మనమే వెళ్తే కొలబద్ద పట్టుకుని వస్తున్నారు.

మాకు దగ్గరలోనే ఉన్న పొమోనా నగరం ఒకప్పుడు సరిగ్గా ఇలాంటి శాసనమే చేసింది. దుకాణం పలక మీద విదేశీ లిపి అక్షరాలు ఉంటే, పలక వైశాల్యంలో కనీసం సగం ఇంగ్లిషు అక్షరాలకు కేటాయించాలని దాని నియమం. అక్కడి ఆసియా సంతతి వ్యాపారుల సంఘం కోర్టుకు వెళ్లింది. అత్యవసర సమయంలో పోలీసులు, అగ్నిమాపక దళం చిరునామా గుర్తుపట్టాలి కదా అన్నది నగరం వాదన. 1989లో ఫెడరల్ జిల్లా కోర్టు ఆ శాసనాన్ని కొట్టేసింది. ఏ భాషలో రాసుకోవాలన్నది వాక్స్వాతంత్ర్యంలో భాగమని, ఈ నియమం జాతి మూలాన్ని బట్టి వివక్ష చూపుతుందని, గుర్తింపు సమస్య తీరాలంటే అందరికీ అర్థమయ్యే అంకెలతో చిరునామా రాయిస్తే సరిపోతుందని తీర్పు సారాంశం. మీరు తలుపు మీద ఇంటి నంబరు పెద్ద అంకెల్లో వేయించండి, ఆ వాదనకు చోటే ఉండదు.

అయితే నేను అసలు చెప్పదలచింది చట్టం గురించి కాదు, అక్షరాల గురించి. మూడేళ్ల కిందట మా కిరాణాకు తెలుగు పలక పెట్టినప్పుడు తగిలిన దెబ్బలు మీకు తగలకూడదు. పెట్టె పలకకు అనుమతి లేకపోతే మీరు విడివిడి ఛానెల్ అక్షరాలకు, అంటే ఒక్కొక్కటీ లోపల దీపం ఉన్న రేకు డబ్బాగా చేసే అక్షరాలకు, వెళ్లాలి. రోమన్ అక్షరం చాలావరకు ఒకే ముక్క. మన ప, స, హ, ష చూడండి, తలకట్టు ఒంటికి తగలదు. గోడ మీద అది ప్రత్యేకమైన ముక్క అవుతుంది, దానికి ప్రత్యేకంగా రేకు డబ్బా, దీపం, తీగ, గోడకు ఇంకో రంధ్రం. వత్తులదీ అదే గతి. మా పేరులో ఆరు అక్షరాలుంటే పదమూడు ముక్కలు తయారయ్యాయి, ధర దాదాపు రెట్టింపయింది. తయారుచేసిన వారికి తెలుగు రాదు కాబట్టి ఒక తలకట్టును పక్క అక్షరానికి పెట్టేశారు, ఒక వత్తు తమ దగ్గరే మరిచిపోయారు. ప్రారంభోత్సవం నాడు వచ్చిన పెద్దాయన ఒకరు పలక కింద నిలబడి ఆ పేరును తప్పుతోనే గట్టిగా చదివి వినిపించారు.

రెండు జాగ్రత్తలు పాటించండి. తయారీదారుకు తెలుగు పాఠాన్ని టైపు చేసి పంపకండి, వాళ్ల సాఫ్ట్‌వేరులో సంయుక్తాక్షరాలు విడిపోయి వత్తు పక్కకు వచ్చి కూర్చుంటుంది. అక్షరాలను గీతల రూపంలోకి మార్చిన చిత్రాన్నే పంపి, బిగించే రోజు మీరు అక్కడే ఉండండి. ఆపైన ముక్కలన్నిటినీ వెనుక ఒకే పలుచని అల్యూమినియం రేకు మీద బిగించమనండి. గోడకు రంధ్రాలు తగ్గుతాయి, తలకట్లు కూడా తమ చోటు వదలవు.

కొలత విషయం ఇంకా ముఖ్యం. పలక వైశాల్యాన్ని చాలా నగరాలు అక్షరాల చుట్టూ పట్టే అతి చిన్న దీర్ఘచతురస్రంతో కొలుస్తాయి. పైన గుడి, కింద వత్తు ఉన్న మాటకు ఆ చట్రం పైకీ కిందికీ సాగుతుంది. అక్షరం ఎత్తు 18 అంగుళాలు దాటకూడదన్న నియమం ఉంటే, ఆ పద్దెనిమిదీ వత్తు కొస నుంచి గుడి కొస వరకు లెక్కించినప్పుడు అసలు అక్షరానికి మిగిలేది తొమ్మిదో పదో. రోడ్డు మీద పోయేవారికి అది కనబడదు. ఎత్తును అక్షరం ఒంటికి మాత్రమే లెక్కించమని అడగండి. మా ప్రణాళికాధికారిణి ఇంగ్లిషులో చిన్న జీ, వై అక్షరాల తోకలకు తాము ఇచ్చే వెసులుబాటునే మాకూ వర్తింపజేశారు.

బోర్డు కుర్చీలో ఒకడిని

నేను ఇంకో రాష్ట్రంలో ఇలాంటి బోర్డులో జీతం లేని సభ్యుడిని, కాబట్టి బల్లకు అవతలివైపు నుంచి మాట్లాడతాను. పై ఇద్దరూ చెప్పినవి నిజమే అయినా, వాటిని పట్టుకుని వెళ్లి బోర్డు ముందు న్యాయవాదిలా నిలబడితే పని చెడుతుంది. పొమోనా తీర్పు ఒక జిల్లా కోర్టుది, మీ నగరం దానికి కట్టుబడి ఉండవలసిన అవసరం లేదు. అందులోని తర్కం గట్టిది కాబట్టి ఆ షరతును నగర న్యాయవాది సమర్థించడం కష్టమని మాత్రం నేనూ అనుకుంటున్నాను. 2015లో అరిజోనాలోని గిల్బర్ట్ పట్టణం కేసులో సుప్రీంకోర్టు, పలక మీద ఏమి రాసి ఉందన్నదాన్ని బట్టి పలకలకు వేరువేరు నియమాలు పెట్టిన ఆ పట్టణ నియమావళి చెల్లదని ఏకగ్రీవంగా తేల్చింది. అక్కడ రాజకీయ పలకలకు 32 చదరపు అడుగుల వరకు అనుమతిస్తూ, ప్రార్థనకు దారి చూపే చర్చి పలకను ఆరు చదరపు అడుగులకు కుదించి, ప్రార్థన ముగిసిన గంటలోగా తీసేయమన్నారు. అదే తీర్పు పలక పరిమాణం, సామగ్రి, దీపాలు, కదిలే భాగాలు వంటివాటిని నగరాలు నియంత్రించుకోవచ్చని కూడా చెప్పింది. అందుచేత మీ పెట్టె పలక గురించి మీకు వాదన లేదు, లిపి గురించి ఉంది.

రంగుల దగ్గర ఒక పొరపాటు సలహా మీకు ఎక్కడో తగులుతుంది, ముందే చెబుతున్నాను. రిజిస్టరు చేసిన ట్రేడ్‌మార్కు రంగును నగరం మార్చమనలేదని కొందరు అంటారు. 1998లో టెంపే నగరం మీద బ్లాక్‌బస్టర్ సంస్థ తదితరులు వేసిన కేసులో తొమ్మిదవ సర్క్యూట్ కోర్టు (పశ్చిమ రాష్ట్రాల ఫెడరల్ అప్పీలు కోర్టు) దాదాపు అలాగే చెప్పింది: గుర్తును ప్రదర్శించకుండా నగరం ఆపవచ్చు గానీ, ప్రదర్శించనిస్తూ దాని రూపాన్ని మార్పించకూడదని. మరుసటి సంవత్సరమే న్యూయార్క్‌లోని హెన్రియెట్టా పట్టణం కేసులో రెండవ సర్క్యూట్ కోర్టు దానికి విరుద్ధంగా, సముదాయమంతా ఒకే రంగు అక్షరాలు ఉండాలన్న నియమాన్ని సమర్థించింది. వాషింగ్టన్ రాష్ట్రం తొమ్మిదవ సర్క్యూట్ పరిధిలోనిదే. కానీ మీ పసుపు, కుంకుమ కలయిక ఫెడరల్ ట్రేడ్‌మార్కుగా రిజిస్టరై ఉంటేనే ఆ తీర్పు మీకు అక్కరకు వస్తుంది. లేకపోతే రంగుల గురించి మాటలతోనే ఒప్పించాలి.

మాటలతో కుదిరిన పనులు చాలా ఉన్నాయి. అరిజోనాలోని సెడోనాలో 1993లో తెరిచిన మెక్‌డొనాల్డ్స్ చూడండి, ఎర్రటి కొండల ముందు పసుపురంగు తోరణం కొట్టొచ్చినట్టు కనబడుతుందని పట్టణం అభ్యంతరం చెబితే తోరణానికి లేత నీలి ఆకుపచ్చ వేశారు. అంత పెద్ద సంస్థే తన గుర్తు రంగు మార్చుకుంది, ఇప్పుడు జనం దాని ముందు నిలబడి ఫోటోలు దిగుతున్నారు.

నేను హైదరాబాదు పాతబస్తీ పక్కన పెరిగాను. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు పత్తర్‌గట్టీలో కట్టించిన రాతి కమానుల వరుసను చిన్నప్పుడు రోజూ దాటేవాణ్ణి, కానీ అక్కడ కమానులు ఉన్నాయన్న సంగతే చాలాకాలం గమనించలేదు. దుకాణాల పలకలు వాటిని అంతగా కప్పేశాయి. ఒక్కొక్క దుకాణదారు పక్కవాడి కన్నా ఒక అడుగు పెద్ద పలక పెట్టాడు, చివరికి ఎవరి పలకా కనబడలేదు. ఈ కుర్చీలో కూర్చోవడానికి నాకున్న కారణం అదే. డిజైన్ రివ్యూ అంటే కొత్తగా వచ్చినవారిని వేధించడమే అని పైన ధ్వనించింది కాబట్టి ఇది రాస్తున్నాను. కమిటీ సభ్యుడి అభిరుచి నియమం కాకూడదన్న ఇసక్వా తీర్పును మాత్రం నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. ఆ తీర్పును కొత్త సభ్యులందరికీ చదివించాలని మా బోర్డులో నేనే ప్రతిపాదించాను.

మీ సమావేశానికి ఒక్క సలహా. చూరు నమూనాను కంప్యూటర్ బొమ్మగా మాత్రమే చూపించకండి. పెంకు ఒకటి, స్తంభానికి వాడే చెక్క ముక్క ఒకటి, పలక రంగులు వేసిన రేకు ఒకటి చేతిలో పట్టుకుని వెళ్లండి. సీయాటిల్ మబ్బు వెలుతురులో కుంకుమరంగు తెర మీద కనిపించినంత గాఢంగా ఉండదు. తెర మీది ఎరుపును చూసి భయపడిన సభ్యుడు చేతిలో రేకు పట్టుకున్నాక మెత్తబడడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను. చూరు గురించి చెప్పేటప్పుడు కూడా అమ్మమ్మగారి ఇల్లు అని మొదలుపెట్టకుండా, వానలో వరుసలో నిలబడే వినియోగదారులకు నాలుగడుగుల నీడ అని మొదలుపెట్టండి. పాదచారులకు వాన తగలకుండా చూరు ఉండాలని ఎన్నో నగరాల నియమావళే కోరుతుంది. మీ నగరానిదీ అలాగే ఉంటే ఆ సెక్షన్ మీ పక్షానే ఉంటుంది.

తూర్పుగట్టు టిఫిన్లు

అందరికీ కృతజ్ఞతలు. గీతలు గీసేవారు చెప్పినట్టే మూడు వాక్యాల ఉత్తరం రాసి సెక్షన్లు అడిగాము. ఆరు రోజుల్లో సమాధానం వచ్చింది. పెట్టె పలకల నిషేధానికి సెక్షన్ నంబరు ఇచ్చారు, చదివితే స్పష్టంగానే ఉంది, కాబట్టి ఆ కోరిక వదులుకున్నాము. సగం ఇంగ్లిషు షరతుకు ఆధారమైన సెక్షన్ లేదని, అది సమీక్షించినవారి సూచన మాత్రమేనని, దాన్ని ఉపసంహరించుకుంటున్నామని రాశారు. ఆ వాక్యాన్ని మా తోడల్లుడు అచ్చు తీయించి వంటగది గోడకు అంటించాడు.

రంగుల దగ్గర మాకు తెలియని సంగతి బయటపడింది. సముదాయానికి నిజంగానే ఉమ్మడి సైన్ ప్రణాళిక ఉంది. అక్షరాలు ఏ రంగులో అయినా ఉండవచ్చు, వెనుక రేకు మాత్రం గోడ రంగులోనే ఉండాలని అందులో ఉంది. యజమానికి కూడా అది గుర్తులేదు. అంటే కుంకుమరంగు అక్షరాలు నిలుస్తాయి, పసుపు నేల పోతుంది. తలుపు చట్రం ప్రణాళికలో లేదు కాబట్టి గడపకు పసుపు వేసుకోవచ్చా అని అడిగాము, అభ్యంతరం లేదన్నారు. నాకైతే అది పలక మీదకన్నా గడప మీదే బాగుంటుందనిపిస్తోంది.

చూరు ఒక్కటే ఇంకా బోర్డు ముందు ఉంది. మా నియమావళిలో కాలిబాట వెంట వాన రక్షణ గురించిన సెక్షన్ దొరికింది, కనీసం ఐదడుగుల వెడల్పు ఉండాలట. మేము అడిగింది నాలుగే, అందుకని ఐదడుగులకు పెంచి కొత్త బొమ్మలు వేయిస్తున్నాము. పెంకు ముక్క తెప్పించాము. కిరాణా వారికి ఒక చిన్న ప్రశ్న: అక్షరాలను ఒకే రేకు మీద బిగించినప్పుడు, ఆ రేకును కూడా పలక వైశాల్యంలో లెక్కించారా, లేక అక్షరాల చట్రాన్ని మాత్రమే కొలిచారా? ఇక్కడి అధికారి ఆ విషయంలో ఇంకా తేల్చలేదు.

దక్షిణ కాలిఫోర్నియా కిరాణా

రేకు గోడ రంగులోనే ఉండి, దానికి అంచు గీత లేకపోతే లెక్కించలేదు. వేరే రంగు వేస్తే మొత్తం లెక్కకు వస్తుందన్నారు. మీ ఉమ్మడి ప్రణాళిక ఎలాగూ గోడ రంగే కోరుతోంది కాబట్టి ఆ మాటనే అధికారికి చూపించి, సమాధానాన్ని రాతపూర్వకంగా తీసుకోండి. బిగించే రోజు నిచ్చెన దగ్గర మీరు నిలబడడం మరిచిపోవద్దు.